ఎర్సియో, హెర్ట్జ్, సైకిల్: ఒక కొలమానాన్ని అనువదించడంలో ఉన్న పని

యంత్రాల మాన్యువల్స్‌ను స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి అనువదించడం నా వృత్తి. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో కూర్చునే ఈ పని చేస్తుంటాను. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కాబట్టి మోటార్లు, మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లు, లైన్‌లో దోషాన్ని కనిపెట్టే రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లకు సంబంధించిన పత్రాలే ఎక్కువగా నా దగ్గరకు వస్తాయి. వాటిలో దాదాపు ప్రతి పేజీలోనూ ఎదురయ్యే కొలమానం హెర్ట్జ్, దాని గుర్తు Hz. ఒక ఆవర్తనం సెకనుకు ఎన్నిసార్లు పూర్తవుతుందో, అంటే దాని పౌనఃపున్యం ఎంతో చెప్పే ప్రమాణం అది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు "దానికి అనువాదం ఏముంటుంది మేడమ్, గుర్తు ఎక్కడైనా ఒకటే కదా" అని అడుగుతుంటారు. రష్యన్ వంటి కొన్ని భాషలను పక్కన పెడితే గుర్తు విషయంలో వాళ్లు అన్నది నిజమే. కానీ ఆ గుర్తుకు ముందున్న అంకె ఎలా రాశారు, పత్రం ఏ దేశంలో తయారైంది, ఏ కాలం నాటిది, చివరికి ఎవరి చేతికి వెళుతుంది అన్నవి చూడకుండా గుర్తును ఉన్నదున్నట్టు దించేస్తే, యంత్రం ముందు నిలబడి మీట తిప్పే మనిషికి తప్పు అంకె చేరే ప్రమాదం ఉంది. కొలమానాన్ని అనువదించడంలో అసలు బాధ్యత ఆ అంకె పట్లే అని నా నమ్మకం.

ముందు పేరు సంగతి చూద్దాం. 1857లో హాంబర్గ్‌లో పుట్టిన హైన్రిష్ హెర్ట్జ్, మాక్స్‌వెల్ సిద్ధాంతం చెప్పిన విద్యుదయస్కాంత తరంగాలు నిజంగానే ఉన్నాయని 1880ల చివర్లో కార్ల్స్‌రూహెలో ప్రయోగాలు చేసి నిరూపించారు. 1894 జనవరి 1న, 36 ఏళ్లకే కన్నుమూశారు. 1960లో జరిగిన 11వ తూనికలు కొలతల మహాసభ ఆయన పేరిట ఉన్న ప్రమాణాన్ని అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో చేర్చింది. ఇంగ్లీషు ఆ ఇంటిపేరును చిన్న అక్షరంతో మొదలుపెట్టి అలాగే రాస్తుంది. ఒక హెర్ట్జ్ అయినా యాభై హెర్ట్జ్ అయినా ఆ మాట మారదు. స్పానిష్ మాత్రం దాన్ని తన నోటికి తగ్గట్టు మలచుకుంది. స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువులో కనిపించే రూపం ఎర్సియో. రోమన్ లిపిలో ముందు హెచ్ ఉన్నా అది పలకదు. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో దాన్ని ఎర్థియో అని, లాటిన్ అమెరికాలో ఎర్సియో అని పలుకుతారు. యాభై అయితే ఎర్సియోస్ అవుతుంది. వోల్టును వోల్తియో అని, వాటును వాతియో అని, ఓమ్‌ను ఓమియో అని, ఆంపియర్‌ను అంపేరియో అని మార్చుకున్న వరుసలోనే ఇదీ వచ్చింది. న్యూటన్, పాస్కల్ మాత్రం అక్కడ కూడా న్యూటన్, పాస్కల్‌గానే ఉండిపోయాయి.

అలాగని స్పానిష్ మాట్లాడే అందరూ ఎర్సియో అనరు. మెక్సికో అధికారిక ప్రమాణాల పత్రం హెర్ట్జ్, వోల్ట్, వాట్ అనే రూపాలనే వాడుతుంది. అకాడమీ నిఘంటువు కూడా హెర్ట్జ్ అనే రూపాన్ని తోసిపుచ్చలేదు. కాబట్టి ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి వెళ్లేటప్పుడు నేను క్లయింటును అడిగే మొదటి ప్రశ్న, ఈ యంత్రం ఏ దేశానికి వెళుతుందని. స్పెయిన్‌కైతే ఎర్సియో, మెక్సికోకైతే హెర్ట్జ్. ఏది తీసుకున్నా పత్రం చివరి వరకూ అదే ఉండాలి.

గుర్తు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. అది సంక్షిప్త రూపం కాదు, గుర్తు. కాబట్టి దానికి బహువచనం లేదు, వెనక చుక్క ఉండదు, అంకెకూ దానికీ మధ్య ఖాళీ ఉండాలి. దాని ముందు పెద్ద ఎం (M) పెడితే మెగా, చిన్న ఎం (m) పెడితే మిల్లీ. ఈ రెండింటికీ మధ్య తేడా వంద కోట్ల రెట్లు. మిల్లీహెర్ట్జ్‌లతో ఎవరికి పని ఉంటుందిలే అనుకోవడానికి లేదు, గ్రిడ్ ఇంజనీర్లు రోజూ లెక్కపెట్టేది వాటినే. మన దేశపు గ్రిడ్ నియమావళి ప్రకారం పౌనఃపున్యం 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి, అంటే మొత్తం వెసులుబాటు 150 మిల్లీహెర్ట్జ్ మాత్రమే. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేకపోవడం వల్ల మనం మెగా, మిల్లీ అని పూర్తిగా రాయక తప్పదు. ఈ ఒక్క చోట అది మనకు మేలే చేసింది.

నేను ఎక్కువ సమయం వెచ్చించేది అంకెల మీద. స్పెయిన్‌లో దశాంశానికి కామా పెడతారు, వేలను విడదీయడానికి చుక్క పెట్టే అలవాటు ఇప్పటికీ విస్తారంగా ఉంది. అర్జెంటీనా, చిలీ, కొలంబియాల్లోనూ దశాంశానికి కామాయే. మెక్సికోలోనూ మధ్య అమెరికాలోని చాలా దేశాల్లోనూ మనలాగే దశాంశానికి చుక్క పెడతారు. భాష ఒకటే అయినా చుక్కకు అర్థం సరిహద్దు దాటగానే మారిపోతుందన్నమాట. డ్రైవ్ తెర మీద 50.00 అని కనిపించే విలువ స్పెయిన్ మాన్యువల్‌లో 50,00 అని అచ్చవుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు కామాను అలాగే వదిలేస్తే అమెరికా పాఠకుడు కాస్త ఆగి ఇది దశాంశమని గ్రహిస్తాడేమో. మన పాఠకుడి సంగతి వేరు. పన్నెండు లక్షలను 12,00,000 అని రాసే అలవాటున్న మనకు కామా తర్వాత రెండు అంకెలు రావడం కొత్త కాదు. 50,00 అన్నది చివరి భాగం అచ్చులో ఎగిరిపోయిన లక్షల సంఖ్యలాగానో, కామా తప్పు చోట పడిన అయిదువేలలాగానో కనిపిస్తుంది.

అయినా కామా కంటే చుక్కే ఎక్కువ ప్రమాదకరం. స్పెయిన్ పత్రంలో 2.500 హెర్ట్జ్ అని ఉంటే రెండువేల అయిదువందలు. చుక్కను కదపకుండా ఇంగ్లీషులోకి తెస్తే అది రెండున్నర అవుతుంది. అది డ్రైవ్ స్విచింగ్ పౌనఃపున్యమైతే, అంటే డ్రైవ్ లోపలి స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు ఆన్ ఆఫ్ అవుతాయో చెప్పే అంకె అయితే, చదివే ఎలక్ట్రీషియన్‌కు వెంటనే అనుమానం వస్తుంది, ఎందుకంటే అక్కడ ఉండేవి కిలోహెర్ట్జ్‌లే. కానీ రెండు విలువలూ నమ్మదగినవిగా కనిపించే చోట్లు ఉన్నాయి. కంపనాలను కొలిచే పరికరాల మాన్యువల్‌లో 1.250 హెర్ట్జ్ అని ఉందనుకుందాం. నిమిషానికి 75 చుట్లు తిరిగే నిదానపు రోలర్ పౌనఃపున్యం సరిగ్గా 1.25 హెర్ట్జ్. అదే రోలర్ బేరింగ్‌లో పగులు వచ్చినప్పుడు వినిపించే కంపనం 1250 హెర్ట్జ్ దగ్గర ఉండటానికీ ఆస్కారం ఉంది. రెండూ ఒకే యంత్రానివి, రెండూ ఒకే పట్టికలో పక్కపక్కనే ఉండవచ్చు. వాక్యం మొత్తం చదివి, రోలర్ గురించి చెబుతున్నారా బేరింగ్ గురించి చెబుతున్నారా అని తేల్చుకున్న తర్వాతే ఆ చుక్కను ముట్టుకోవాలి. మాన్యువల్‌లోని మాటలు మనిషి రాసినవి, పట్టికలు సాఫ్ట్‌వేర్ నుంచి దించినవి అయితే చిక్కు ఇంకా పెరుగుతుంది: మాటల్లో చుక్క వేలకు, పట్టికలో అదే చుక్క దశాంశానికి. చుక్క తర్వాత ఒకటో రెండో అంకెలుంటే సందేహం లేదు, దశాంశమే. మూడు అంకెలున్న ప్రతిచోటా ఆగి చూస్తాను. చుక్కలన్నిటినీ ఒకేసారి కామాలుగా మార్చేసే మీట నా కంప్యూటర్‌లోనూ ఉంది, దాన్ని వాడను.

దీనికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న పరిష్కారం ఉంది. దశాంశానికి చుక్క అయినా కామా అయినా పెట్టవచ్చని, అంకెలను మూడేసి చొప్పున విడదీయడానికి మాత్రం రెండూ కాకుండా ఖాళీయే వదలాలని 2003లో తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది. సెకనుకు నిర్వచనమైన సీజియం పరమాణువు పౌనఃపున్యం 9 192 631 770 హెర్ట్జ్ అని ఖాళీలతో రాయడం అందుకే. ఏ దేశపు పాఠకుడు చదివినా అది ఒకటే సంఖ్య. క్లయింటు ఒప్పుకుంటే నేను ఈ పద్ధతినే వాడతాను, ఆ ఖాళీ దగ్గర వరుస తెగకుండా జాగ్రత్త కూడా తీసుకుంటాను.

గిగాహెర్ట్జ్ దగ్గర ఇంకో మాట అడ్డం పడుతుంది. ఒక గిగాహెర్ట్జ్ అంటే ఇంగ్లీషులో బిలియన్ హెర్ట్జ్, మన లెక్కలో వంద కోట్లు. స్పానిష్‌లో బిల్యోన్ అనే మాట ఉంది కదా అని అది రాస్తే లక్ష కోట్లు అవుతుంది. అక్కడ మిల్ మిల్యోనెస్, అంటే వెయ్యి మిలియన్లు అని రాయాలి. రేడియో, మొబైల్ ఫోన్ల గురించిన వ్యాసాల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది.

ఇక పాత పత్రాల సంగతి. హెర్ట్జ్ అనే పేరు స్థిరపడక ముందు ఇంగ్లీషులో సైకిల్స్ పర్ సెకండ్ అనేవారు, స్పానిష్‌లో సిక్లోస్ పోర్ సెగుందో. పలుకుబడిలో ఆ "సెకనుకు" అన్న భాగం రాలిపోయి వట్టి సైకిల్స్, వట్టి సిక్లోస్ మిగిలాయి. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్ ప్రసారాల పౌనఃపున్యం 837 కిలోహెర్ట్జ్. రేడియోలు బాగు చేసే పాతతరం వాళ్లు దాన్నే కిలోసైకిల్స్ అనేవారు. స్పానిష్ పాత రేడియో పుస్తకాల్లో కిలోసిక్లోస్ అని ఉంటుంది. వీటిని హెర్ట్జ్‌గా మార్చడానికి సందేహించనక్కరలేదు, అంకె మారదు, పేరే మారుతుంది. అమెరికా ఎలక్ట్రీషియన్ సిక్స్‌టీ సైకిల్ అన్నా అరవై హెర్ట్జ్ అనే అర్థం.

కానీ సైకిల్ అన్న ప్రతి మాటా హెర్ట్జ్ కాదు. సబ్‌స్టేషన్ పరికరాల పత్రాల్లో త్రీ సైకిల్ బ్రేకర్ అన్న మాట వస్తుంది. అది పౌనఃపున్యం కాదు, కాలం. లైన్‌లో దోషం తలెత్తి ట్రిప్ ఆదేశం అందాక మూడు ఆవర్తనాలు గడిచేలోపు బ్రేకర్ ప్రవాహాన్ని తెంచాలని దాని అర్థం. స్పానిష్‌లోనూ అక్కడ సిక్లోస్ అనే ఉంచాలి. అనువాద సాఫ్ట్‌వేర్‌లో సైకిల్స్ అంటే ఎర్సియోస్ అని ఒకసారి నేర్పి వదిలేస్తే, ఆ బ్రేకర్ మూడు ఎర్సియోస్ బ్రేకర్ అయి కూర్చుంటుంది, ఆ మాటకు అర్థమే లేదు. పైగా ఆ మూడు ఆవర్తనాల నిడివి అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో, మెక్సికోలో గ్రిడ్ 60 హెర్ట్జ్ కాబట్టి మూడు ఆవర్తనాలు 50 మిల్లీసెకన్లు. మన దేశంలో, స్పెయిన్‌లో 50 హెర్ట్జ్ కాబట్టి 60 మిల్లీసెకన్లు. రిలే సెట్టింగ్‌లో ఈ పది మిల్లీసెకన్లకు విలువ ఉంటుంది. అందుకని ఇలాంటి చోట అనువాదంలో సైకిల్స్‌ను అలాగే ఉంచి, ఏ పౌనఃపున్యం దగ్గర లెక్కించిన సైకిల్స్ అన్నది పక్కనే చెప్పమని క్లయింటుకు రాస్తాను. నా సొంతంగా మిల్లీసెకన్లలోకి మార్చను.

ఎర్సియోస్ పోర్ సెగుందో, అంటే సెకనుకు ఇన్ని హెర్ట్జ్ అని కనిపించినప్పుడు కూడా ఇలాగే ఆగాలి. హెర్ట్జ్‌లోనే సెకను ఉంది కాబట్టి ఇది పునరుక్తి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. చాలాసార్లు వాళ్లు చెప్పింది సరైనదే. అయితే డ్రైవ్ ఎంత వేగంగా మోటారును పైకి తీసుకెళ్లాలి, గ్రిడ్ పౌనఃపున్యం ఎంత వేగంగా పడిపోతోంది అన్నవి చెప్పడానికి సెకనుకు ఇన్ని హెర్ట్జ్ అన్నదే సరైన కొలమానం. ఉన్నట్టుండి ఒక పెద్ద విద్యుత్ కేంద్రం ఆగిపోతే పౌనఃపున్యం పడిపోయే వేగాన్ని చూసి లోడ్ తెంచే రిలేలు ఉంటాయి. వాటి మాన్యువల్‌లో ఆ "సెకనుకు" అన్న మాటను పునరుక్తి అనుకుని తీసేస్తే సెట్టింగ్‌కు అర్థం మారిపోతుంది.

యాభై, అరవై అన్న రెండు అంకెలు నా పనిలో పదే పదే వస్తాయి. స్పెయిన్, అర్జెంటీనా, చిలీ యాభై. మెక్సికో, కొలంబియా, పెరూ అరవై. మన దేశమంతా యాభై. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందంటే సెకనుకు యాభై అనే. సెంటీమీటర్లను అంగుళాల్లోకి మార్చినట్టు అరవైని యాభైగా మార్చడం అనువాదకుడి పని కాదని నేను కొత్తవాళ్లకు గట్టిగా చెబుతాను. పొడవును ఏ కొలమానంలో చెప్పినా పొడవు మారదు. అరవై హెర్ట్జ్ అన్నది ఆ మోటారును ఎలా చుట్టారో చెప్పే సంగతి, దాన్ని కాగితం మీద మార్చినంత మాత్రాన ఇనుము, రాగి మారవు.

ఈ మధ్య గుంటూరులో కారం మిల్లు నడిపే మా బంధువు ఒకాయన పాత ప్యాకింగ్ యంత్రం ఒకటి కొన్నారు. ఏ దేశంలో వాడి అమ్మారో ఆయనకు తెలియదు, నేమ్ ప్లేట్ మాత్రం స్పానిష్‌లో ఉంది. "అమ్మాయ్, దీన్ని ఇంగ్లీషు చేసి పెట్టు, మన మేస్త్రికి ఇద్దాం" అని ఫొటో పంపారు. ఆ రేకు మీద తెన్సియోన్ (వోల్టేజీ) 220, ఫ్రెక్వెన్సియా (పౌనఃపున్యం) 60, వెలోసిదాద్ (వేగం) 1.740 అని ఉన్నాయి. మాటలు మార్చడానికి నిమిషం కూడా పట్టదు. కానీ 1.740 అన్నది దాదాపు ఒకటిముప్పావు కాదని, వెయ్యిన్నీ ఏడువందల నలభై అని ముందు చెప్పాలి కదా. ఆయన వెంట ఆటోనగర్‌లోని వైండింగ్ షాపుకు నేనూ వెళ్లాను.

మేస్త్రి గారు నా కాగితం చూడకుండానే అడిగిన మాట, "అమ్మా, ఇది యాభయ్యా, అరవయ్యా? అది చెప్పండి ముందు." అరవై అని చెప్పాను. ఆయన చుట్ల సంఖ్య అడిగి, 1740 అనగానే తల ఊపారు. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారు యాభై దగ్గర నిమిషానికి 1500 చుట్లు దాటదు, అరవై దగ్గర 1800కు కాస్త తక్కువగా తిరుగుతుంది. కాబట్టి రేకు మీది అరవై అచ్చుతప్పు కాదని ఆ చుట్ల సంఖ్యే రుజువు చేసింది. అంకెలు ఒకదాన్నొకటి బలపరిచే ఇలాంటి చోట అనువాదకుడికి కలిగే నిశ్చింత వేరు. దీన్ని 220 వోల్టుల దగ్గరే ఉంచి మన యాభై హెర్ట్జ్‌తో నడిపితే ఏమవుతుందో ఆయనే మా బంధువుకు వివరించారు: వేగం ఆరింట అయిదు వంతులకు పడిపోతుంది, అది ఎలాగో సర్దుకోవచ్చు. కానీ అదే వోల్టేజీ తక్కువ పౌనఃపున్యం దగ్గర ఇస్తే కోర్‌లో అయస్కాంత ప్రవాహం 1.2 రెట్లు అవుతుంది, మోటారు కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది, ఎండాకాలంలో గుంటూరు షెడ్డులో వైండింగ్ నిలవదు. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ 220 వోల్టులు ఇచ్చే చిన్న డ్రైవ్ పెట్టి, దాని నుంచే అరవై హెర్ట్జ్ ఇవ్వాలని తేల్చారు.

ఆ తర్వాత నేను రాసి ఇచ్చింది రేకు మీది మాటల అనువాదం ఒక్కటే కాదు. ప్యానెల్ తలుపు లోపల అంటించడానికి తెలుగులో ఒక కాగితం కూడా రాశాను, మేస్త్రి గారు చదివి ఒప్పుకున్నాక దాన్ని లామినేషన్ చేయించారు. "ఈ మోటారు 220 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైంది. రేకు మీద ఉన్న 1.740 అంటే నిమిషానికి 1740 చుట్లు. డ్రైవ్‌లో బేస్ ఫ్రీక్వెన్సీ 60.00 దగ్గరే ఉంచాలి, 50.00కు మార్చకూడదు. డ్రైవ్ పాడైతే మోటారును నేరుగా లైన్‌కు కలపకూడదు." మొదట నేను చివరి వాక్యం రాయలేదు. రాత్రి షిఫ్టులో డ్రైవ్ ఆగిపోతే కుర్రాళ్లు మొట్టమొదట చేసే పని అదేనని చెప్పి మేస్త్రి గారే దాన్ని చేర్పించారు.